బొడ్డులో పెట్టిన లోహం

మా ఊరి కొందోతో నది పొంగి శ్మశానంలో శిలువలను ఊడబెరుక్కుపోయిన వరద తర్వాతి ఏడు అది. మా అక్క వెనాన్సియా మనవరాలికి బొడ్డు ఊడింది. మా నది ఒడ్డు ఊళ్ళలో ఆ పుండు ఖాళీగా మానకూడదు. అందులో ఏ పొడి పెడితే బిడ్డకు ఆ గుణం వస్తుంది. మగపిల్లాడికి బంగారం పొడి, చెయ్యి పెట్టిన చోటల్లా దొరకాలని. ఆడపిల్లకు చీమను వేయించి నూరి పెడతారు, ఒళ్ళు వంచి పని చెయ్యాలని.

బావ అబుందియో పొద్దున్నే డొప్పలో చీమలు పట్టుకొచ్చాడు. "ఏమే, వీటిని వేయించు" అని పొయ్యి పక్కన పెట్టి పోయాడు. అక్క అరటికాయలు ఒలుస్తోంది. ఆ ఒలుస్తున్నంతసేపూ ఏమనుకుందో తర్వాత పడవలో నాకు చెప్పింది.

తన బొడ్డులోనూ చీమే పెట్టారు. కూతురు నాసారియా బొడ్డులోనూ అంతే. నాసారియా కడుపులో ఉండగా నడుం దాకా నీళ్ళలో నిలబడి బంగారం కోసం కొయ్యపళ్ళెంలో ఇసుక కడిగింది. అత్తగారు ఒడ్డున కూర్చుని, "నీళ్ళలో నిలబడటం కూడా ఒక పనేనా? చేపలు నిలబడట్లేదూ?" అనేది. ఆ ఇసుక కడిగే చోటునే మేం గని అంటాం, అది మా అమ్మ నుంచి అక్కకు వచ్చింది. అయినా ఎవరడిగినా బావ, "గని నాది, ఆవిడ సాయం వస్తుంది" అంటాడు. ఇంటికొచ్చాక వంట, గుడ్డలు, కట్టెలు. దానికి సాయమన్న పేరు కూడా లేదు.

అంతకుముందు వారం సరుకు కొనే షావుకారు, బంగారంతో పాటు ఇసుకలో దొరికే ప్లాటినా తూస్తూ కబుర్లు చెప్పాడట. ప్లాటినా అంటే మా మాటలో నాసి వెండి, వెండి తునక. పుట్టినప్పటి నుంచీ అంటున్న మాటే. స్పెయిన్ దొరలు ఏవగించుకుని పెట్టిన పేరట అది. బంగారానికి అడ్డొస్తోందని నదిలో పారబోయించారట. ఇంకా పండని బంగారం, మళ్ళీ నీళ్ళలో వేస్తే పండుతుంది అన్నవాళ్ళూ ఉన్నారట. తర్వాత స్వీడన్ దేశపు పండితుడొకడు దాన్నే తెల్ల బంగారం అన్నాడట. చైనావాళ్ళు ఇప్పటికీ తెల్ల బంగారమనే రాస్తారట. షావుకారు నవ్వుతూ చెప్పాడు. అక్కకు మాత్రం ఒళ్ళు మండింది. ఇందరు ఇన్ని పేర్లు పెట్టారు కదా, వాళ్ళలో ఒక్కడైనా ఈ నదిలో దిగాడా? దిగి తీసిన ఆడవాళ్ళను ఒక్కరైనా అడిగారా?

మధ్యాహ్నం మంత్రసాని పాస్కువాలా అవ్వ వచ్చింది. ఆకులు మరిగించిన నీళ్ళతో పుండు కడిగి, "ఏం పెట్టమంటారు?" అంది.

"చీమ పొడి. వేయించావా?" అన్నాడు బావ.

"లేదు." అక్క కొంగు ముడి విప్పింది. బూడిద రంగు రేణువులు. "ఇది పెట్టు అవ్వా."

బావ పగలబడి నవ్వాడు. "ప్లాటినానా! పిల్ల బొడ్డులో చెత్త పోస్తావా? ఏం బావమరిదీ, మీ అక్కకి ఎండ దెబ్బ కొట్టిందా?"

"చెత్తన్నది ఎవడు? పారబోసినవాడు. తీసింది నేను. మా అమ్మ. వాళ్ళమ్మ. మా నోట్లోంచి దానికి ఒక్క పేరు రానిచ్చారా?"

"ఆడపిల్లకు చీమే పెట్టాలి. నీకూ పెట్టారుగా, ఏం నష్టమొచ్చింది?"

"నన్ను చూసి నువ్వే చెప్పు" అంది అక్క.

బావ అక్కను చూడలేదు, అవ్వను చూశాడు. అవ్వ వేలు గాల్లో ఆగింది. "ఇంటాయన ఒప్పుకోకుండా నేనెట్లా తల్లీ? ఒకసారి పెట్టాక తీసేది కాదు."

చాప మీద నుంచి నాసారియా లేచి కూర్చుంది. కన్నాక అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. "బిడ్డ నాది అవ్వా. అమ్మ ఇచ్చిందే పెట్టు."

అవ్వ పెట్టింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చి, పాలు దొరకగానే ఊరుకుంది.

"బాగుంది. రాణిగారి బొడ్డు! రేపు గనికి నాకు సాయం ఎవరొస్తారు మరి?" అన్నాడు బావ.

"గని నాది. రేపు నేను పనికి వెళ్తున్నా. నీకు కుదిరితే నువ్వే సాయం రా."

"ఇంట్లో పనో? బాలింత గుడ్డలు ఎవరుతుకుతారు, నేనా?"

 

మర్నాడు పొద్దున అక్క కొయ్యపళ్ళెం నెత్తిన పెట్టుకుని గనికి వెళ్ళింది. బావ గుమ్మంలో కూర్చున్నాడు. నేను బాలింత గుడ్డలు, పసిపిల్ల గుడ్డలు మూటగట్టి రేవుకు తీసుకెళ్ళాను. అవతలి ఒడ్డున వలలు ఆరేస్తున్న మగాళ్ళు ఈలలు వేశారు. "ఏమోయ్, ఎప్పుడు కన్నావ్?" అని ఒకడు అరిచాడు. నేను మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి, మొదటి గుడ్డకు సబ్బు రుద్దాను.