మట్టి గోడకు సిమెంటు పూత

సలమాతా ఫోన్ చేసినప్పుడు నేను నవ్వాను. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆమె బీసా తెగ పిల్ల. మేం కసేనా తెగవాళ్లం. వాళ్లకూ మాకూ తాతల నాటి నుంచి పరాచికాల చుట్టరికం. ఎదురుపడితే తిట్టుకోవాలి, నువ్వు నా బానిసవంటే నువ్వు నా బానిసవనుకోవాలి, కోపం మాత్రం తెచ్చుకోకూడదు. వేరుశెనగలంటే పడిచచ్చేవాళ్లని మేం బీసాలను వెక్కిరిస్తాం. మా దేశ రాజధాని వాగడూగులోని ఒక పరిశోధన సంస్థ తరఫున ఆమె మా ఊళ్లో నాలుగు ఇళ్లు కట్టించింది. దూలం లేదు, రేకు లేదు. కప్పు కూడా మట్టి ఇటుకలతోనే, గుమ్మటంలా. ఎర్రటి ఎండలో కూడా లోపల చల్లగా ఉండేది. గోడల్లో తేమ కొలిచే చిన్న యంత్రాలు అమర్చి, ఆ అంకెలు తన ఫోన్‌కు చేరేలా చేసుకుంది. ఆ నాలుగింటిలో ఒకటి మాది.

"ఏటా వానలకు ముందు ఆడవాళ్లు మెత్తే మట్టే మెత్తించండి. పైన తడి పట్టకుండా నెరె చెట్టు కాయల తొక్కలు ఉడికించిన నీళ్లు పూయండి. సిమెంటు జోలికి మాత్రం పోకండి," అని చెప్పింది.

కోడలు కదియా నెల తప్పాక నాకు దర్జా పిచ్చి పట్టుకుంది. పట్నం ఇల్లులా కనబడాలని గోడలకు బయట సిమెంటు పూయించాను.

"ఆ పిల్ల వద్దంది కదా," అంది నా భార్య కపూరి.

"వేరుశెనగలు నమిలేవాళ్ల మాట మనం వినడమేమిటే!" అన్నాను.

ఆగస్టులో మూడు రోజులు వాన వదల్లేదు. ఆ వానలోనే మనవరాలు పుట్టింది. ఆడపిల్ల పుడితే నాలుగు రోజుల దాకా తల్లీబిడ్డలను గడప దాటించం. ఇంటివాళ్లే దాటిస్తే పూర్వీకులు బిడ్డను వెనక్కి పిలుచుకుంటారని మా అమ్మ చెప్పేది.

రెండో రోజు పొద్దున, పక్క ఊళ్లో బస చేసిన సలమాతా ఫోన్.

"ఒరేయ్ ముసలి బానిసా! నీ వెనక గోడ నీళ్లు తాగింది. తల్లినీ పిల్లనూ బయటికి తీసుకురా."

"మీ వేరుశెనగ చేలు మునిగాయేమో చూసుకో, ఫో!" అని నవ్వి పెట్టేశాను.

ఎందుకో తర్వాత గదిలోకి వెళ్లి వెనక గోడ మీద చెయ్యి వేశాను. వేలు లోపలికి దిగింది. బయటికి పరుగెత్తి చూస్తే సిమెంటు నున్నగా మెరుస్తోంది. పిట్టగోడ దగ్గర మాత్రం వెంట్రుకంత పగులు. అక్కడ దిగిన నీరు బయటికి రాలేక మట్టిలోనే ఉండిపోయింది. మళ్లీ లోపలికి పరుగెత్తాను.

"కదియాను లేపు. బయటికి తెద్దాం," అన్నాను.

"రెండో రోజే! నీ చేతులతో పిల్లను చంపుకుంటావా?" కపూరి గడపకు అడ్డంగా కూర్చుంది. ఆమె పెదవులు తెల్లబడ్డాయి.

ఆదివారం చర్చికి వెళ్తాను, పండగకు పూర్వీకులకు పిండి నీళ్లూ పోస్తాను. ఆ వేళ ఎవరిని అడగాలో తెలియలేదు. దాటిస్తే ఒక భయం, దాటించకపోతే మరో భయం. లోపల గోడ నుంచి మట్టి పెళ్ల ఒకటి మెత్తగా రాలింది. కదియా "అత్తా!" అని కేక వేసింది.

అప్పుడే మోటారుసైకిల్ చప్పుడు. సలమాతా నిలువునా తడిసి దిగింది. గడపకు అడ్డంగా ఉన్న కపూరిని చూసింది. అంతా అర్థమైనట్టుంది.

"లే అత్తా! ఈ ఇంట్లో నా బానిస పుట్టిందట. నా సొత్తు నేను తీసుకుపోతాను, అడ్డొచ్చేదెవరు?"

మా ఆచారంలో పరాచికాల చుట్టాన్ని ఆపే హక్కు ఎవరికీ లేదు. పైగా బిడ్డను దాటించేది ఇంటివాళ్లు కాదు గనక పూర్వీకులకూ కోపం రాదు. కపూరి ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి పక్కకు జరిగింది.

"దొంగముండా, వేరుశెనగల దొంగా, తీసుకుపో," అంది ఏడుస్తూ.

సలమాతా బిడ్డను కొంగులో చుట్టుకుని, కదియా చెయ్యి పట్టుకుని ముంగిలి అవతల ఉన్న మా పాత గుండ్రటి ఇంటి వైపు నడిచింది. నేనూ కపూరీ వెనకే నడిచాం. ముంగిలి సగం కూడా దాటలేదు. వెనక నుంచి బరువైన మూటను కిందికి వదిలినట్టు చప్పుడైంది. తిరిగి చూస్తే గుమ్మటం లేదు. మంచం ఉన్న చోట ఎర్రమట్టి కుప్ప.

సలమాతా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"నీ బానిసకు పాలివ్వాలి, తల్లికి ఇచ్చెయ్యి," అన్నాను.

నాలుగో రోజు గడిచేదాకా బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉన్నాను. మమ్మల్ని క్షమించినవాళ్లు పూర్వీకులో, దేవుడో నాకు తెలియదు. ఇద్దరికీ దణ్ణం పెట్టాను.

మిగిలిన గోడల మీది సిమెంటు నేనే ఉలితో కొట్టి తీసి, కూలినది మళ్లీ మట్టితోనే కట్టించాను. ఇప్పుడు సలమాతా ఫోన్ వస్తే ముందు వెళ్లి గోడ మీద చెయ్యి వేసి చూస్తాను. తిట్లు ఆ తర్వాత.