మిరపకాయల పొట్లంలో చుక్క

మనిషి నడకను బట్టి అతని అవసరం ఎంతో తూచవచ్చని తార్నాకలో కిరాణా కొట్టు పెట్టిన పన్నెండేళ్లలో కొండయ్య నేర్చుకున్నాడు. ఆ శనివారం ఉదయం యూనివర్సిటీ వైపు నుంచి ఫిజిక్సు లెక్చరరు సోమయాజులు ఒక్క కాలికే చెప్పుతో పరుగెత్తుకు రావడం చూసి, ఇది ఉప్పూ పప్పూ బేరం కాదనుకున్నాడు.

"కొండయ్యా, మా చిత్తుకాగితాల్లో గళ్ల కాగితం చుట్ట వచ్చిందా?"

"వచ్చింది సార్. మస్తు గట్టిగున్నది. సోమవారం సంది పొట్లాలు కడుతున్న."

సోమయాజులు బియ్యం బస్తా మీద కూలబడి సంగతంతా చెప్పాడు. పోయిన నెల క్యాంపస్ మైదానం నుంచి ఎగరేసిన బెలూనులో గామా కిరణాలను పట్టే పెట్టెలు రెండున్నాయి. గళ్ల కాగితం మీద మొదటి పెట్టె తాలూకు గీత పొద్దున పది నలభై రెండుకు రెప్పపాటు సేపు చివ్వున లేచింది. తీగ వదులై ఉంటుంది, కొట్టేయమన్నారు పెద్ద ప్రొఫెసరు. రెండో పెట్టెకు తీగ వేరు, బ్యాటరీ వేరు. దాని గీత కూడా అప్పుడే లేచి ఉంటే సోమయాజులు మాట నిలబడుతుంది. బల్ల సర్దుతూ అతను పొరపాటున చిత్తుబుట్టలో పడేసింది ఆ రెండో చుట్టనే.

"ఏందది సార్, గంత పైన?"

"ఏ నక్షత్రమో కూలి చచ్చిందేమో. చచ్చిన చుక్కలు రెండు గుద్దుకున్నాయేమో."

"లేకుంటే మా పక్కోని పిండి గిర్ని మోటరేమో! అది తిరిగితే మా రేడియో గరగరమంటది."

"నువ్వూ ప్రొఫెసరు పార్టీయేనా?"

కొండయ్య నవ్వి లెక్కలోకి దిగాడు. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా గీసిన కాగితం. చుట్టకు పైకొస చివరి గంటలది, కాబట్టి అదే ముందు చిరిగింది. రోజుకు గంట కాగితం చొప్పున వెనక్కి పోతే పది నలభై రెండు గురువారం పొద్దున ఖర్చయింది.

"గురువారం పొద్దుగాల పెద్ద పొట్లం ఒక్కటే కట్టిన. సారమ్మ టీచరమ్మకు పావుకిలో ఎండుమిరపకాయలు. నడువుండ్రి."

సారమ్మ టీచరు ఇంట్లో స్కూలుకు బయల్దేరుతోంది; వాళ్ల మాట విని ఆగింది. "కాగితం శుభ్రంగా ఉందని వంటింటి అరలో పరిచానండీ. ఆకాశానిదని నాకేం తెలుసు?"

పప్పు డబ్బాలు దింపారు. పది నలభై, నలభై ఒకటి... నలభై రెండు దగ్గర గీత చివ్వున లేచి ఉంది. పక్కనే మిరపగింజ ఒకటి అంటుకుంది. సోమయాజులు గింజను దులిపి మళ్లీ చూశాడు. గీత అలాగే ఉంది.

"ఎక్కడిదండీ అది?" అంది సారమ్మ.

"తెలియదమ్మా." అతని ముఖం వెలిగిపోతోంది. "తీగ తప్పు కాదు, ఎక్కడిదో తెలియదు అని ఇప్పుడు ధైర్యంగా రాస్తాను."

ఇంత దూరం పరుగెత్తి తెలియదని రాసుకోవడం కొండయ్య లెక్కకు అందలేదు. అయినా ఆ రోజు నుంచి యూనివర్సిటీ కాగితం చింపే ముందు, కొట్టు ముందు నుంచి వెళ్లే సోమయాజుల్ని ఆపి అడిగేవాడు:

"సార్, గీ కాగితంల ఏ చుక్కన్న సచ్చిందా? బేరం ఆగింది, జల్ది చెప్పుండ్రి."