ముప్పై ఏడు మందికి ఒక్క కోటు

నేను ఒక కోటును. నల్లని కోటును. వెనుక ఎన్ని క్లిప్పులు బిగించినా ముందు నుంచి చూస్తే దొర తొడుగులా కనబడడం నా వృత్తి. రాజాంలో ఒక దర్జీ నన్ను ఒక బ్యాంకు గుమాస్తా కొలతలకు కుట్టాడు. ఆయన లావెక్కాడు, నేను ఎక్కలేదు. అలా చేతులు మారి, తవిటయ్య ఫొటో స్టూడియోలో అద్దం పక్కనున్న మేకుకు చేరాను.

ఆ మేకు మీది నుంచే మనుషులను చదువుకున్నాను. చెప్పులు లేకుండా వచ్చినవాడు కూడా నన్ను తొడిగితే గడ్డం పైకెత్తేవాడు. ఫొటోలో కాళ్ళు కనబడవు కదా. ఒకసారి ఎవరి చుట్ట నుంచో నిప్పురవ్వ రాలి, నా ఎడమ కాలరు మడతపై శనగగింజంత కన్నం పడింది. తవిటయ్య చేతికందిన తెల్లదారంతో దాన్ని పూడ్చాడు. ఆ మరుసటి వారమే జూటుమిల్లు కార్మికుడొకడు వచ్చాడు. జుట్టు నిండా నారపోగులు. "మా బుడ్డోడు పెద్దయ్యాక సూసుకోవాలి బావా, బాగా తియ్యి," అన్నాడు. నాలో అతని భుజాలు వణకడం నాకు గుర్తుంది.

ఏళ్ళు గడిచాయి. ఊరి ఉన్నత పాఠశాలలో పదో తరగతి పిల్లలు తొలిసారిగా వార్షిక సంచిక తలపెట్టారు. ఆ బృందానికి నాయకురాలు ఢిల్లేశ్వరి. వ్యాసాలు రాయించింది, బొమ్మలు వేయించింది, అలిగినవారిని బుజ్జగించింది. ఇక మిగిలినవి ముప్పై ఎనిమిది మంది ఫొటోలు. అందరూ కోటులోనే ఉండాలని, కోటు లేని ఫొటో అచ్చుకు పంపనని హెడ్మాస్టరు శాసించారు. ఊళ్ళో ఉన్న ఫొటో కోటును నేనొక్కణ్ణే.

గడువు పన్నెండు గంటలు. ఆ వేళకు తవిటయ్య కెమెరాతో పట్నం బస్సెక్కాలి. సాయంత్రానికి ఫొటోలు అందకపోతే సంచికను బొమ్మలు లేకుండానే అచ్చువేస్తామని అక్కడి ప్రెస్సువారు తేల్చి చెప్పారు.

ఉదయం నుంచి బడి గదిలో ఒక ఒంటి మీది నుంచి మరొక ఒంటి మీదికి దూకుతూ, ముప్పై ఆరు మంది చెమటను తాగాను. పదకొండుంబావుకు సన్యాసిరావు వంతు వచ్చింది. అతడు నన్ను చూసి, గోడవారకు జరిగి, తొడగనన్నాడు. ఢిల్లేశ్వరి నన్ను చేతిపై వేసుకుని అతణ్ణి వరండా చివరకు తీసుకెళ్ళింది.

"నీకొక్కడికే సిగ్గేట్రా?"

అతడు తెల్లదారం కుట్టును వేలితో తాకాడు. ఆ వేలు నాకు కొత్త. ఆ వణుకు పాతది.

"మా ఇంట్లో గోడ మీద మా అయ్య ఫొటో ఉంది కదా. ఆ కోటుకీ ఈ మచ్చే ఉంటాది. మా అయ్య మిల్లుకి మేనేజరని, ఆ కోటు అయ్యదేనని అందరికీ నానే సెప్పినాను. ఇప్పుడు పుస్తకంలో అందరి మీదా ఇదే మచ్చ. మా ఇంటికొచ్చినోళ్ళు ఊరుకుంటారేటి?"

ఢిల్లేశ్వరి గడియారం వైపు చూసింది. ఆ కుట్టు వైపు చూసింది. తన గుండెపై మెరుస్తున్న నాయకురాలి బ్యాడ్జీని తీసి, సరిగ్గా ఆ మచ్చ మీద గుచ్చింది. ఆ పిన్ను నాకు నొప్పి అనిపించలేదు.

లోపలికి వచ్చి, బడి గుర్తు ఉన్న బ్యాడ్జీ పెట్టడం తాను మరిచానని, తప్పు తనదేనని, పాతవి చెరిపివేసి అందరివీ మళ్ళీ తీయాలని చెప్పింది. గది భగ్గుమంది. ఇదేనా నాయకత్వమని, పిల్లలను చూసుకుంటున్న పద్మావతి టీచరు నిలదీశారు. బృందంలోని కుసుమ మాత్రం సూటిగా అడిగింది:

"ఏటే ఢిల్లీ, నువ్వే లీడరువని మా అందరి మీదా రాసుకోవాలా?"

ఢిల్లేశ్వరి హాజరుపట్టీ తీసి, మొదటి పేరు మళ్ళీ పిలిచింది.

ఒక చేయి వదలకముందే మరో చేయి దూరింది. క్లిప్పులు ఎగిరిపడ్డాయి. జడ చిక్కుకుంది, విడిపించారు. ఇరవై. ముప్పై. ముప్పై ఏడోవాడు సన్యాసిరావు. అతడు గడ్డం పైకెత్తాడు. ఆఖరున ఢిల్లేశ్వరి నాలో ఒక చేయి దూర్చింది. రోడ్డు మీద బస్సు హారను మోగింది. తవిటయ్య అప్పటికే కెమెరా సంచి భుజాన వేసుకుని పరుగెత్తుతున్నాడు. ఆమె చేయి వెనక్కి తీసుకుని, బ్యాడ్జీ విప్పుకుని, నన్ను నాలుగు మడతలు పెట్టింది.

సంచిక వచ్చింది. ముప్పై ఏడు ముఖాలు. చివరి గడిలో ఢిల్లేశ్వరి పేరు, పైన తెల్లని ఖాళీ. ప్రతి పుటా దిద్దిన పిల్ల తన గడిని మరిచిందని ఊరు నవ్వుకుంది.

వారం తరువాత సన్యాసిరావు తన ప్రతిని చంకన పెట్టుకుని స్టూడియోకు వచ్చాడు. వెంట ఢిల్లేశ్వరి. తన ప్రతిలోని ఆ ఖాళీ గడిలో అతికించడానికి సరిపడే ఫొటో ఒకటి కావాలన్నాడు. ఆమె నన్ను తొడిగి, అలవాటుగా బ్యాడ్జీ చేతిలోకి తీసుకుంది.

"అదొద్దులేవే," అన్నాడతడు. "మచ్చ కనబడేటట్టే తియ్యి మామా."

ఇప్పుడు తవిటయ్య కంప్యూటరే ముఖాలకు కోట్లు అతికిస్తోంది. వాటికి మచ్చలుండవు. నేను తలుపు వెనుక మేకుకు వేలాడుతున్నాను, ఎవరూ తొడగరు. ఊళ్ళో ఒకే ఒక ఇంట్లో, గోడ మీద ఒకసారి, పుస్తకం చివరి పుటలో ఒకసారి, నా తెల్లదారం కుట్టు స్పష్టంగా కనబడుతూ ఉంటుంది.