కర్టెన్ రింగూ ఒక మాటా

ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా ఆవిడ ముందు మొగుడి చేతులకేసి చూస్తుంది. ఏం మనిషో! పంచదార డబ్బాకి మూత పెట్టడం చేతకాదు గానీ లోకంలో ఉన్న ప్రతి మాటకీ పుట్టుక చెప్పాలి. ఆయన నిఘంటువు రాస్తాడు. మాట పట్టుకోగానే ఇత్తడి కర్టెన్ రింగొకటి వేలికి తొడుక్కుంటాడు. దాని అర్థం తేలేదాకా తియ్యడు. ఆ గదిలో కర్టెన్ ఎప్పుడూ ఒక పక్కకి వేలాడుతూ ఉంటుంది.

ఈసారి మాట ‘సాల్వ్’.

"డిజాల్వ్‌కీ దీనికీ పోలికే తప్ప చుట్టరికం లేదు," అన్నాడు పొద్దున్నే.

"ఉంది. లాటిన్‌లో రెండింటికీ మూలం వదులు చెయ్యడం. ముద్ద వదులైతే కరుగుతుంది, చిక్కు వదులైతే తేలుతుంది. కాలేజీలో చెప్పారు."

"నీ ఊహలు నిఘంటువుకెక్కవు."

మధ్యాహ్నానికి వేలు వాచి వంకాయ రంగుకొచ్చింది. సబ్బు రాసినా రింగు కదల్లేదు. ఆయన పళ్ళు బిగించి లాగుతూనే ఉన్నాడు.

"ఒరేయ్, నీకు వేలు కావాలా, మాట కావాలా?" అంది ఆయన అక్క.

"రెండూ కావాలక్కా," అన్నాడు గానీ గొంతులో హాస్యం లేదు.

పెళ్ళాం ఆయన వేలికొసని నొక్కి చూసింది. పాలిపోయిన చోటు మళ్ళీ ఎర్రబడలేదు.

"వదినగారూ, టాక్సీ పిలవండి. ఏవండీ, మీరు లాగకండి!"

"లాగక ఊదమంటావా?"

"నోరు మూసుకోండి."

ఆ మాట ఆయనతో అనడం అదే మొదలు. ఆయన నిజంగానే మూసుకున్నాడు.

దారం కొసని సూదితో రింగు కిందనుంచి అరచేతివైపుకి తీసింది. మిగతా దారాన్ని వాపు అణిగేలా కణుపు దాటేదాకా చుట్టింది. ఆయన కేక పెట్టాడు. కింద కొస పట్టుకుని విప్పడం మొదలుపెట్టింది. చుట్టు ఊడినకొద్దీ రింగు వెంట్రుకవాసి చొప్పున జరిగింది. కణుపు దగ్గర ఆగిపోయింది.

"చెయ్యి బిగించకండి. వదిలెయ్యండి."

"వదల్లేను!"

"ఊపిరి వదలండి ముందు."

వదిలాడు. భుజం దిగింది. ఆవిడ ఇంకో చుట్టు విప్పింది, ఇంకొకటి. రింగు టంగుమని నేలమీద పడి బల్ల కిందికి దొర్లింది.

ఇద్దరూ వేలికొసనే చూస్తూ కూర్చున్నారు. మెల్లగా ఎరుపు తిరిగింది.

"టాక్సీ వచ్చిందిరా!" అంటూ అక్క లోపలికొచ్చింది.

ఆయన ఒళ్ళో పడ్డ దారపు పోగుని చూశాడు.

"పంపించెయ్యక్కా," అన్నాడు. తర్వాత అక్కకి వినబడేలాగే, పెళ్ళాం వైపు తిరిగి, "నాదే తప్పు. రెండింటికీ మూలం వదులు చెయ్యడమే. పొద్దున నువ్వు చెప్పినప్పుడే రాసుకోవాల్సింది."