ఆ గొంతు ఒక్కసారి

మావారు మిమిక్రీ చేస్తారు. నూరు గొంతులు వచ్చినా, మా పొయ్యి వెలిగేది మాత్రం దేశాన్నేలే పెద్దాయన గొంతుతోనే. మాట మొదలుపెట్టే ముందు ఆ పెద్దాయన చిన్నగా దగ్గేవాడు. మావారు స్టేజీ ఎక్కి ఆ దగ్గు దగ్గితే చాలు, జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు.

ఆ పెద్దాయన పోయాడు. దుకాణాలు మూసేసి దేశమంతా టీవీల ముందు కూలబడింది. మావారు ముద్ద ముట్టలేదు.

"ఆయన్ని వెక్కిరించి బతికానే," అన్నారు.

"ఆయన కూడా చూసి నవ్వాడుగా! ముందు తినండి," అని కసిరాను. నాకు ఓర్పు తక్కువ.

అంత్యక్రియలు అయిన సాయంత్రం కింది వాటా టైలరు, ఎదురింటి నర్సు, ఇంకొందరు మా గదిలోకి వచ్చారు. టైలరే నసుగుతూ అడిగాడు. "అన్నా, ఒక్కసారి ఆయనలా మాట్లాడవా?"

"ఇదేమన్నా వేళాకోళమా?" అని లేచాను. మావారు నన్ను ఆపి, కళ్లు మూసుకుని దగ్గారు. ఎవరూ నవ్వలేదు.

"అందరూ భోంచేసి వచ్చారా?" అన్నారు. పెద్దాయన ప్రతి సభలోనూ అడిగే మాటే అది. టైలరు బావురుమన్నాడు. పెద్దాయనకి ఏనాడూ ఓటెయ్యని నాకూ ఏడుపు ఆగలేదు.

మూల మంచం మీంచి మా అత్తయ్య పిలిచింది. "ఒరేయ్, అందరి కోరికా తీర్చావు. నాదీ తీర్చు. మీ నాన్నలా మాట్లాడరా. ఫోటో ఉంది గానీ, ఫోటో పలకదుగా."

మామగారు పోయేనాటికి మావారు పాలు తాగే పిల్లాడు. ఆ సంగతి ఆవిడకి తెలియక కాదు. ఆవిడ ముఖంలో ఆశ చూసి మావారు నోరు తెరిచారు. ఏ గొంతూ రాలేదు.

"ఎలా ఉండేదమ్మా?" అని అడిగారు.

అత్తయ్య గోడ మీది ఫోటోవైపు చూసింది. తర్వాత ఆవిడ నోట్లోంచి నేనెన్నడూ వినని మగగొంతు వచ్చింది. బరువుగా, చివర్లో కాస్త నవ్వుతో.

"ఏమోయ్, వచ్చేశాను. పిల్లాడు పడుకున్నాడా?"

మేమంతా గుమ్మంవైపు చూశాం. మావారు మంచం పక్కన నేల మీద కూర్చుని, ఆవిడ ఒళ్లో తల పెట్టుకున్నారు.

"పడుకోలేదు నాన్నా," అన్నారు.