మొహం లెనోర్‌ది, గొంతు మా అక్కది

ఆ నవ్వు మా అక్కది. ఈ మాట చచ్చేదాకా అంటాను.

అక్క పేరు హాటీ ప్రౌల్. హాలీవుడ్‌లో తనకి దొరికినవన్నీ పనిమనిషి వేషాలు, మేనత్త వేషాలు. నేను అదే స్టూడియోలో దుస్తులు కుట్టేదాన్ని. ఆ ఏడు అక్క ఒప్పందం పొడిగిస్తారా, ఇంటికి పంపేస్తారా అన్నది ఒకే ఒక్క సీను మీద ఆధారపడి ఉంది.

పెద్దింట్లో విందు. పనిమనిషి గుమ్మంలో నిలబడి వచ్చే అతిథుల పేర్లు దర్జాగా ప్రకటించాలి. వీపు వెనక దాచుకున్న చేతి వేలిని ఒక పీత పట్టుకుని ఉంటుంది. అక్క మొహం మహారాణిలా కదలదు. గొంతు మాత్రం పేరుపేరుకీ పైకి పోతుంది, చివరి పేరు రైలు కూతలా వస్తుంది. వెంటనే నాయిక లెనోర్ వేల్ "నాకీ పెళ్ళి వద్దు" అనాలి.

విడుదలకి ముందు ఊరవతల ఒక హాల్లో, ఏ సినిమానో చెప్పకుండా జనానికి వేసి చూపించారు. జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వుల్లో లెనోర్ మాట ఒక్కరికీ వినపడలేదు.

బయటికి రాగానే దర్శకుడు బెండిక్స్ అక్కని పక్కకి పిలిచాడు.

"హాటీ, ఆ నవ్వు తీసేయమంటోంది లెనోర్."

"కామెడీలో నవ్వు తీసేస్తే ఇంకేం మిగులుద్దయ్యా? కుర్చీలా?"

"కోప్పడకమ్మా. నీ సీను తర్వాత లెనోర్ మొహం కాసేపు చూపిద్దాం. జనం ఆ కాసేపూ నవ్వుకుంటారు, తర్వాత ఆవిడ మాటా వినపడుద్ది. నీ సీనూ బతుకుద్ది."

ఆ షాట్ తీసిన రోజు లెనోర్ గౌను సరిచెయ్యడానికి నేనూ అక్కడే ఉన్నాను. కెమెరా లెనోర్ మీద ఉంది. అక్క కెమెరా పక్కన నూలు గౌనుతో, మొహానికి రంగు వేసుకోకుండా నిలబడింది. తాము కెమెరాలో పడనప్పుడు ఎవరైనా ఎదుటివాళ్ళ కోసం మాటలు ఊరికే అప్పజెబుతారు.

"అక్కా, పేర్లు చదివెయ్యి చాలు. నువ్వు కనపడవు" అన్నాను.

"నోర్మూసుకుని ఆ రబ్బరు పీత ఇలా ఇవ్వవే."

మొత్తం చేసింది. మొహం, గొంతు, వేలు, అన్నీ. లెనోర్ పెదవులు బిగబట్టింది. బుగ్గలు ఉబ్బాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, చివరికి పకపకా నవ్వేసింది. బెండిక్స్ ఆపమనలేదు. అందరూ చప్పట్లు కొట్టారు, లెనోర్‌కి.

సినిమా విడుదలైంది. అక్క తలుపు తెరుస్తూ ఒక్క క్షణం కనపడుతుంది. ఆ తర్వాతంతా లెనోర్ మొహమే, వెనక నుంచి అక్క గొంతు. లెనోర్‌లో ఇంత హాస్యం ఉందా అని పత్రికలు మురిసిపోయాయి. పాత్ర మరీ చిన్నదైపోయిందని అక్క ఒప్పందం పొడిగించలేదు.

స్టూడియో భోజనశాలలో బెండిక్స్ ముందుకెళ్ళి నిలబడ్డాను.

"మనిషి మొహం కోసేసి గొంతు ఉంచుకున్నారు. సిగ్గులేదయ్యా నీకు?"

"ఆ మొహం చూసి జనం ఇంకా ఎక్కువ నవ్వుతున్నారు. నన్నేం చెయ్యమంటావు చెప్పు?" అని సూప్ కలుపుకున్నాడు.

అది నిజమే. అందుకే నాకు ఇంకా మండింది.

షికాగోలో ఒక నాటక కంపెనీ అక్కని రమ్మంది. స్టేషన్లో కూడా నా నోరు ఊరుకోలేదు.

"నువ్వు సగమే చేసుంటే ఆ మహాతల్లి నవ్వేదా? వాళ్ళకి ఆ షాట్ దొరికేదా?"

"నవ్వించడం సగం ఎలా చేస్తారే? అయినా చూశావా, లెనోర్ బుగ్గలు ఎలా ఉబ్బాయో!" అని తనే నవ్వేసింది. "కష్టపడి ఆపుకుంది పాపం."

"పాపమా? లెనోర్‌కా?"

పెట్టె పైకి అందిస్తూ తిడుతూనే ఉన్నాను. అక్క కిటికీలోంచి వంగి ఏదో చెప్పబోయింది. నేను చెప్పనివ్వలేదు. మళ్ళీ తనని చూడలేదు. ఆ రైలు కదిలేటప్పుడు నా నోట్లో ఉన్నది లెనోర్ పేరే.