ఉత్తుత్తి విడాకులు

"ఉప్పు తక్కువైంది. రేపు పొద్దున మనం విడాకులకి వెళ్ళాలి, ఆ నీలం కోటు వేసుకో," అన్నాడు మా ఆయన ఒకే ఊపిరిలో.

అప్పుడు నేను కుడుములు చుడుతున్నాను. ఉల్లికాడలు, గుడ్డు కూరిన కుడుములంటే మా ఇంట్లో అందరికీ ఇష్టమే, చుట్టేది మాత్రం నేనొక్కదాన్నే. మొదటి వాయి ఆయన ముందు పెట్టాను, రెండో వాయి చేతిలో ఉంది. ఆ రెండు మాటల్లో నేను దేనికి జవాబు చెప్పానో తెలుసా? ఉప్పుకి. "అయ్యో, ఇంకాస్త కలుపుతానుండు," అన్నాను. పంతొమ్మిదేళ్ళ కాపురం నేర్పిన చదువు అది. ముందు ఉప్పు సంగతి చూడాలి, మన సంగతి తర్వాత.

ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని నాకు తెలుసు. మా హ్వాయ్‌వాన్ ఊరు ఈ చలికాలం దాటితే ఉండదు. నగరం పెరుగుతూ పెరుగుతూ మా గోధుమచేల గట్టుదాకా వచ్చేసింది. ఊరంతా కూల్చి, మా అందరికీ పద్దెనిమిది అంతస్తుల భవనాల్లో ఫ్లాట్లు ఇస్తామన్నారు. దాన్ని మావాళ్ళు 'మేడెక్కడం' అంటారు. కొట్టు దగ్గర చూసినా, పిండిమర దగ్గర చూసినా ఇవే కబుర్లు: మీరెప్పుడు మేడెక్కుతారు, మీకు ఎన్నో అంతస్తు. నియమం మాత్రం ఒకటే, ఒక ఇంటి పుస్తకానికి ఒక ఫ్లాటు. ఇంటి పుస్తకమంటే ఏ కుటుంబంలో ఎవరున్నారో సర్కారు రాసిచ్చే పుస్తకం. మొగుడూ పెళ్ళాం విడిపోతే పుస్తకం రెండవుతుంది, ఫ్లాట్లూ రెండవుతాయి. అవి చేతికొచ్చాక మళ్ళీ పెళ్ళి చేసుకుంటే వద్దనేవాళ్ళు లేరు. ఇంకేం, ఊళ్ళో నలభై జంటలు విడిపోయాయి, ఒక్క ఇంట్లోనూ గొడవ జరగలేదు. విడాకులు పుచ్చుకుని తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చుని, పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుంటూ ఇళ్ళకొచ్చారు.

"కాగితమేగా అమ్మాయ్," అంది మా అత్తగారు కుడుము చల్లార్చుకుంటూ. "ఉత్తుత్తి విడాకులు. నిన్నేమన్నా ఇంట్లోంచి గెంటేస్తున్నామా?"

గెంటేస్తారా అని నేను అడగలేదు. అడగని ప్రశ్నకి జవాబు చెప్పేవాళ్ళంటే నాకు భయం. ఆ పూట కుడుముల అంచులు సరిగ్గా అతకలేదు, నాలుగు నీళ్ళలో విచ్చుకుపోయాయి. వాటిని నేను తిన్నాను.

నా భయం మా ఆయన చెంగ్‌షాన్‌కి అర్థం కాదు. ఆయన ఈ ఊళ్ళో పుట్టాడు, ఆయన పేరు ఈ ఊరి మట్టిలోనే ఉంది. నా పేరు ఎక్కడుంది? పుట్టింటి ఊళ్ళో నా వాటా పొలం ఉండేది. పెళ్ళై బయటికొచ్చిన ఏడాదే ఊరివాళ్ళు వెనక్కి తీసేసుకున్నారు. పెళ్ళైన కూతురు పారబోసిన నీళ్ళు అంటారు మావైపు. ఇక్కడికొస్తే, పొలాలు అప్పటికే పంచేశాం, మళ్ళీ ముప్ఫై ఏళ్ళదాకా పంచేది లేదన్నారు. అక్కడ తీసేశారు, ఇక్కడ ఇవ్వలేదు. అయినా వాళ్ళ చేలో పంతొమ్మిది పంటలు కోశాను. ఆయన పదేళ్ళు దక్షిణాదిలో ఫ్యాక్టరీ పనికి పోతే పొలం, పందులు, మంచంపట్టి పోయిన మామగారు, చంటిపిల్ల, అన్నీ నేనే చూశాను. మొన్న కొలతలవాళ్ళు టేపులు పట్టుకుని వచ్చి గోడలు కొలిచారు, పందుల కొట్టం కొలిచారు. పెరట్లో నేను నాటిన బేరిచెట్టుకి ఎర్రరంగుతో నెంబరు వేశారు. రాసుకునే కుర్రది తల ఎత్తకుండా, "ఇంటి యజమాని పేరు?" అంది. నేను చీపురు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. మా ఆయన పేరే చెప్పాను. చెట్టుకి నెంబరుంది, నాకు లేదు. అప్పుడు నవ్వొచ్చింది గానీ, తర్వాత ఆ నవ్వు నాకు నిద్రపట్టనివ్వలేదు.

మర్నాడు నీలం కోటు వేసుకుని వెళ్ళాను. ఆఫీసులో విడాకుల కిటికీ దగ్గర వరసలో సగం మంది మా ఊరివాళ్ళే. మా బావగారు కూడా వచ్చారు, నాకు పాఠం చెప్పడానికి. ఆయన అంతకుముందు నెలలోనే విడిపోయిన అనుభవజ్ఞుడు.

"కారణం అడుగుతారు. ఫ్లాటు అనకు, కొంప మునుగుతుంది. 'మా మనసులు విరిగిపోయాయి' అను. అంతే. ఏదీ, ఒకసారి అను."

"మా మనసులు విరిగిపోయాయి," అన్నాను.

"అంత మెల్లగా కాదు. గట్టిగా."

గట్టిగా అన్నాను. వరసలో వాళ్ళు నవ్వారు. "వదిన బాగానే నటిస్తుందే!" అన్నారెవరో. మా ఆయన కూడా నవ్వాడు. ఆ మాట నోట్లోంచి రావడానికి నేను ఏమీ కష్టపడలేదు. అబద్ధం చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ నాలుక తడబడుతుంది, చిన్నప్పుడు అమ్మ అలాగే పట్టేసేది. ఆ రోజు తడబడలేదు. ఎన్నాళ్ళుగానో లోపల సిద్ధంగా ఉన్న మాటలా వచ్చేసింది. కిటికీ లోపలి కళ్ళద్దాలావిడ దరఖాస్తు తీసుకుని, ముప్ఫై రోజులు ఆగి ఇద్దరూ కలిసి రావాలని, ఈలోగా మనసు మారితే మానేయొచ్చని చెప్పింది. మనసు మారడానికి సర్కారు ఒక నెల గడువిచ్చింది. ఆ నెలంతా నేను భయంతోనే బతికాను.

మొదటివారంలోనే మా అత్తగారు నా మంచం పందుల కొట్టం పక్కగదిలో వేయించింది. తనిఖీకొస్తారట, నిజంగా విడిపోయారా లేదా అని చూస్తారట. "వాళ్ళు అడిగితే విడిగా వండుకుంటున్నానని చెప్పు," అని ఒక బొగ్గుల పొయ్యి, ఒక గిన్నె, తినడానికి ఒక జత పుల్లలు ఇచ్చింది. సరే, నాకోసం అక్కడ నూడుల్స్ ఉడికించుకునేదాన్ని. అది అయ్యాక పెద్ద వంటింట్లోకి వెళ్ళి వాళ్ళిద్దరికీ వండేదాన్ని. విడాకులు మంచం దాకా వచ్చాయి, బట్టల దాకా వచ్చాయి, వంట దాకా మాత్రం రాలేదు. "అదేంటత్తయ్యా, నేను విడిగా ఉన్నాను కదా?" అని ఒకసారి నవ్వుతూ అన్నాను. "తనిఖీవాళ్ళు పొయ్యి చూస్తారు గానీ, పొయ్యి దగ్గరెవరున్నారో చూడరులే," అంది.

ఒక మధ్యాహ్నం పక్కింటి పెద్దావిడ మొక్కజొన్న కండెలు ఒలుస్తూ సరదాకి మా అత్తగారితో అంది: "ఇప్పుడు మీవాడు బ్రహ్మచారేగా! మా చెల్లెలి కూతురుంది, ముప్ఫై ఎనిమిదే, మొగుడు పోయాడు. నడుం గట్టిది, కొడుకుని కని ఇస్తుంది." అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. మాకు ఒక్కతే కూతురు, షియావ్‌హో, పట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. నవ్వులు ఆగాక, కాసేపటికి, గింజలు ఏరుతూ ఏరుతూ మా అత్తగారు మెల్లగా అడిగింది: "ఏ ఊరన్నావ్?"

అంతే. ఆ రెండు మాటలు నాకు సరదాగా వినిపించలేదు.

నాకు పనిచోట ఒక స్నేహితురాలుంది, చిన్‌ఫెంగ్. పక్క ఊరిని కూల్చి కట్టిన భవనాల్లో మేమిద్దరం మెట్లు తుడుస్తాం. అంచేత మేడెక్కడమంటే ఏమిటో మా ఊరందరికంటే ముందు నాకే తెలుసు. రోజుకి రెండుసార్లు పద్దెనిమిది అంతస్తులూ ఎక్కి దిగుతాను, బకెట్ తీసుకుని లిఫ్టులోకి వస్తే వాసనంటారు. ఏడో అంతస్తు అమ్మాయి ముక్కు మూసుకుని, "ఆంటీ, మీకు మెట్లున్నాయిగా," అంది ఒకసారి. ఆ భవనం నిలబడిన నేలలో చిన్‌ఫెంగ్ ఒకప్పుడు వెల్లుల్లి పండించేది. ఇప్పుడు అదే భవనం కింద, సైకిళ్ళు పెట్టే నేలమాళిగలో ఒక కిటికీ లేని గదిలో ఉంటుంది. ఆమెవీ ఉత్తుత్తి విడాకులే. నాలుగేళ్ళయింది. ఆమె మొగుడు పదకొండో అంతస్తులో కొత్త పెళ్ళాంతో ఉంటాడు. ఆ అంతస్తు మెట్లు తుడిచే వంతు వచ్చినప్పుడు నేను వెళ్తాను, ఆమెని పంపను.

"మోసం చేశాడా?" అని అడిగాను ఆమెని, తుడుపుగుడ్డ పిండుతూ.

"పాపం, అబద్ధమేమీ చెప్పలేదే," అంది. "విడాకులు ఉత్తుత్తివి అన్నాడు. అవి నిజమైపోతే ఏం చేయాలో నేనడగలేదు, ఆయన చెప్పలేదు. నువ్వు నాలుగో లైను చదివావా?"

"ఏ నాలుగో లైను?"

"ఒప్పందం కాగితం రాస్తారుగా, అందులో. పిల్ల ఎవరిది, ఇల్లు ఎవరిది అని. రెండిళ్ళూ ఆయనవేనని మా కాగితంలో నాలుగో లైనులో ఉండింది. నేను చదవకుండా వేలిముద్ర వేశాను, వంట మాడిపోతోందని."

ఆ రోజు పని ఎగ్గొట్టి మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. అత్తగారు పేకాటకి వెళ్ళింది. ఒప్పందం కాగితం అల్మరాలో, ఇంటి పుస్తకం కిందే ఉంది. మా బావగారి చేతిరాత. దొంగతనం చేస్తున్నట్టు తలుపు వైపు చూస్తూ చదివాను. కూతురు తండ్రి దగ్గర ఉండును. పాత ఇల్లు భర్తది. పొలం పరిహారం భర్తది. నాలుగో లైను: భార్య కట్టుబట్టలతో వెళ్ళిపోవును, ఇప్పుడున్న ఇంటిమీద గానీ, ఇకపై ఆమె పుస్తకానికి వచ్చే ఇంటిమీద గానీ ఆమెకు ఏ హక్కూ లేదు.

ఆమె పుస్తకానికి వచ్చే ఇంటిమీద ఆమెకు హక్కు లేదు. దాన్ని మూడుసార్లు చదివాను. నేను విడిపోవడం వల్లే వచ్చే ఇల్లు. నేను పందుల కొట్టం పక్కన పడుకున్నందుకు వచ్చే ఇల్లు. కాగితం పట్టుకుని అల్మరా ముందే కూర్చుండిపోయాను. ఇదంతా ఎవరో కూర్చుని, ఆలోచించి, కలం పట్టుకుని రాశారు. కుడుములు తింటూ రాసుంటారు, నేను చుట్టినవే.

సాయంత్రం మా ఆయన్ని అడిగాను. ఆయన కోప్పడలేదు, విసుక్కున్నాడంతే. "ఏంటే నీ గోల? నీ పేరు మీద పెడితే మళ్ళీ పెళ్ళయ్యాక మార్చుకోవడానికి ఎన్ని ఆఫీసులు తిరగాలి? అన్నయ్య తెలియక రాశాడా? అవన్నీ ఉత్తుత్తి మాటలే. పెట్టె సర్దుకున్నావా ఎక్కడికైనా? లేదుగా!"

లేదు. ఎక్కడికని సర్దుకుంటాను? పుట్టింట్లో తమ్ముడికి ఫోన్ చేస్తే, "వచ్చి రెండ్రోజులుండి పో అక్కా," అన్నాడు, ఆ 'రెండ్రోజులు' మీద కాస్త నొక్కి. షియావ్‌హోకి ఫోన్ చేద్దామనుకుని, పరీక్షలున్నాయని మానేశాను. మిగిలిన రోజుల్లో చిన్‌ఫెంగ్ గదికి వెళ్ళి ఒకసారి కూర్చున్నాను. చెమ్మ పట్టిన గోడ, పైన ఎవరిదో నీళ్ళ గొట్టం చప్పుడు. ఇక్కడ రెండో మంచం పడుతుందా అని నాకు తెలియకుండానే అడుగులతో కొలిచాను. చిన్‌ఫెంగ్ చూసింది. "పట్టదు," అంది. "నేను కూడా కొలిచాను, నువ్వొస్తావేమోనని."

ముప్ఫై రెండో రోజున మళ్ళీ కిటికీ ముందు నిలబడ్డాం. మేడెక్కేవాళ్ళ జాబితా ఆ శుక్రవారంతో మూసేస్తారు, మేం వెళ్ళింది గురువారం. కళ్ళద్దాలావిడ ఒప్పందం తిరగేసి, "ఇద్దరూ చదువుకున్నారా? ఇష్టపూర్వకంగానే కదా?" అంది.

"చదివాం మేడమ్, చదివాం," అన్నాడు మా ఆయన కలం తీసి.

"నేను చదివాను," అన్నాను. "నాలుగో లైను కొట్టేయాలి. నా పుస్తకానికి వచ్చే ఇల్లు నాది అని రాయాలి. నా పేరు రుయ్‌లాన్. పూర్తిగా రాయాలి."

మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. "ఏంటిది నలుగురిలో? ఉత్తుత్తి కాగితానికి ఇంత రాద్ధాంతమా?"

"ఉత్తుత్తిదేగా," అన్నాను. "నా పేరు రాస్తే ఏం పోతుంది?"

మా వెనక గింజలు కొరికే చప్పుడు ఆగిపోయింది. వరసలో ఉన్న మా ఊరి ఆడవాళ్ళు ముగ్గురు తమ తమ కాగితాలు విప్పి చూసుకుంటున్నారు.

"అది కాదే," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "నీ పేరు మీద ఇల్లొచ్చాక... నువ్వు మళ్ళీ పెళ్ళికి రాకపోతే?"

నెలరోజులుగా నన్ను వెంటాడుతున్న ప్రశ్న అది. అది ఆయనకి ఇప్పుడే, ఈ కిటికీ ముందే పుట్టింది. ఉత్తుత్తివి నిజం కాగలవని ఆయనకీ తెలుసన్నమాట. మా అత్తగారికీ తెలుసు, బావగారికీ తెలుసు. తెలియనట్టు నవ్వాల్సింది నేనొక్కదాన్నే.

"రాస్తారా, ఇంకొకళ్ళని పిలవనా?" అంది కళ్ళద్దాలావిడ.

"అమ్మనడగాలి," అన్నాడు.

"అడుగు. నా పేరు లేకుండా నా సంతకం లేదు," అని గోడవారగా ఉన్న బల్ల మీద కూర్చున్నాను. ఆయన సంతకం పెడితే ఇల్లు వస్తుందో, లేకపోతే చిన్‌ఫెంగ్ గదిలో నేలమీద చాప వేసుకోవాలో నాకు తెలియదు. పెట్టాక మళ్ళీ ఆయన్ని చేసుకుంటానో లేదో, అది కూడా తెలియదు. ఆయన ఫోన్ తీసి నెంబరు నొక్కుతున్నాడు, వేలు జారి తప్పుపోయి మళ్ళీ నొక్కుతున్నాడు. మధ్యమధ్యలో నేను లేచి వెళ్ళిపోతానేమోనని నావైపు చూస్తున్నాడు. పంతొమ్మిదేళ్ళలో మా ఇద్దరికీ ఒకేసారి భయం వేయడం అదే మొదలు.